సైకిలు వెనుక చక్రం పట్టుకుపోతే



వానలు వెనుకబట్టి, చేలు పాలుపోసుకునే రోజుల్లో పశువుల కొట్టం మూల ఆనించిన సైకిలు మనకు జ్ఞాపకం వస్తుంది. మూడు నెలలు బురదలో తొక్కడం ఎందుకని దాన్ని అక్కడ పెట్టి ఉంటాం. ఇప్పుడు బయటికి లాగి, దుమ్ము దులిపి, గాలి కొట్టి, ఎక్కబోతే వెనుక చక్రం కదలదు. కదిలినా ఇసుక నమిలినట్లు గరగరమంటుంది. పాలకేంద్రానికి వేళ మించిపోతూ ఉంటుంది. అప్పుడు మన చేతికి మొదట అందేది సుత్తి.

ఆ సుత్తిని ఒక పూట దూరంగా పెట్టించాలనే ఈ నాలుగు మాటలు చెప్తున్నాను. పట్టుకుపోయిన చక్రం బాగుపడనిదేమీ కాదు. దాన్ని విప్పబోయి మనం చేసే దెబ్బే చాలాసార్లు బాగుపడనిది. నట్టు పోతే నట్టు కొనుక్కుంటాం. ఇరుసు పోయినా, కోను పోయినా పెద్ద ఖర్చు కాదు. హబ్బు పగిలిందా, వెనుక చక్రానికి ఉండే 40 చువ్వలూ ఊడదీసి, కొత్త హబ్బు వేసి, మళ్ళీ అల్లి, వంకర తీయించాలి. దానికి షాపులో ఒక పూట పడుతుంది, డబ్బు సంగతి చెప్పనే అక్కరలేదు. అందుకని పని మొదలుపెట్టే ముందే మనసులో ఒక వరుస పెట్టుకోండి. దేన్నయినా పాడుచేయక తప్పకపోతే ముందు నట్టు, తరువాత కోను, ఆ తరువాత ఇరుసు. హబ్బు జోలికి మాత్రం పోరాదు.

మొదట అసలు పట్టుకున్నది ఏదో తెలుసుకోవాలి. సైకిలును స్టాండు మీద నిలబెట్టండి. బ్రేకు కట్టెలు రిమ్మును పట్టి ఉన్నాయేమో చూడండి. మడ్గారుకూ టైరుకూ మధ్య ఎండిన బురద రాయిలాగా బిగిసి ఉన్నదేమో చూడండి. నవ్వకండి, సగంసార్లు దోషం అక్కడే ఉంటుంది. అవి సరిగా ఉంటే గొలుసు ఊడదీసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. గొలుసు తీసినాక చక్రం హాయిగా తిరిగితే రోగం హబ్బులో లేదు. గొలుసు లంకెలే తుప్పుపట్టి కర్రలాగా అయి ఉంటాయి. గొలుసు తీసినా చక్రం కదలకపోతే హబ్బులోని కోనులూ గుండ్లూ పట్టుకున్నాయన్న మాట. చక్రం తిరుగుతున్నది గాని ఫ్రీవీలు పళ్ళ చక్రాన్ని వెనక్కు తిప్పితే అది ఒంటరిగా తిరగక చక్రాన్నంతా వెంట లాగుతున్నదనుకోండి, అప్పుడు పట్టుకున్నది ఫ్రీవీలు.

ఇంకొక రకం ఉన్నది. అది అన్నిటికన్న ప్రమాదం. పెడలు ముందుకు తొక్కితే టకటకమని జారిపోతుంది, చక్రానికి బలం అందదు. ఫ్రీవీలు లోపల చిన్న చిన్న ఉక్కు నాలుకలు, వాటికింద స్ప్రింగులు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు ఆ నాలుకలు లేచి పళ్ళలో పడతాయి, వెనక్కు తిప్పినప్పుడు ఒదిగి జారిపోతాయి. టిక్ టిక్ మని వినిపించేది అవే. జిడ్డు, మట్టి గడ్డకట్టి ఆ నాలుకలు ఒదిగిన చోటనే అతుక్కుపోతే, మనం బలమంతా పెట్టి పెడలు మీద నిలబడిన క్షణాన కాలికింద ఏమీ లేనట్లు జారుతుంది. కాలవ గట్టు ఎక్కేటప్పుడు వెనుక రెండు పాలబిందెలు ఉన్న మనిషికి అట్లా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. ఒకసారి జారినా సరే, ఆ సైకిలు మీద ఆ రోజు బరువు వేయకండి.

ఇప్పుడు హబ్బులో ఏమున్నదో కాస్త చూద్దాం. మన పల్లెల్లో తిరిగే నల్ల పెద్ద సైకిలు ఇంగ్లండు రోడ్‌స్టరు నమూనా మీద తయారైనది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనెపట్‌లో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సైకిల్సు స్థాపించారు. పేర్లు వేరైనా ఈ పెద్ద సైకిళ్ళ హబ్బు నిర్మాణం ఇంచుమించు ఒక్కటే. నడుమ ఇరుసు ఉంటుంది. దానికి రెండు చివరలా మర కోసి ఉంటుంది. ఆ మరమీద రెండు పక్కలా ఒక్కొక్క కోను, దాని వెనుక వాచరు, లాకునట్టు, ఆ పైన ఫ్రేముకు బిగించే పెద్ద నట్టు. హబ్బు లోపలి కప్పుకూ కోనుకూ మధ్య ఉక్కు గుండ్లు పరిగెత్తుతాయి. వెనుక హబ్బులో ఇవి 1/4 అంగుళం గుండ్లు, పక్కకు 9 చొప్పున మొత్తం 18. కుడిపక్కన, అంటే గొలుసు వైపున, హబ్బు మీద కోసిన మరకు ఫ్రీవీలు తగిలించి ఉంటుంది. మొత్తం యంత్రం ఇంతే. మన ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పెట్టినట్లే దీనికి గ్రీజు పెడతారు. బండికి నెలకొకసారి పెడతాం, సైకిలుకు కొన్ననాడు కంపెనీవాడు పెట్టినదే. అదీ తేడా!

ఇది ఎందుకు పట్టుకుంటుంది? ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పవుతుంది, అది అందరికీ తెలుసు. అయితే ఆ తుప్పు, అది తినివేసిన ఇనుముకన్న రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. మరకూ నట్టుకూ మధ్య ఉండే సందు వెంట్రుకంత. అందులో తుప్పు పుట్టి, ఉబ్బి, మేకు కొట్టినట్లు బిగదీస్తుంది. బండరాయి పగలగొట్టేవాళ్ళు పూర్వం ఎండుకర్ర మేకులు దిగవేసి నీళ్ళు పోసేవాళ్ళు, కర్ర ఉబ్బి రాయి చీలేది. ఇక్కడ జరిగేదీ దానివంటిదే.

నీటికి తోడు ఉప్పు చేరితే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళకు ఇది అనుభవమే. లోపలి ఊళ్ళల్లో ఆ ఉప్పును మనమే చేతులారా తెచ్చిపెడతాం. ఎరువుల బస్తా క్యారియరు మీద వేసుకుని వస్తాం గదా! అమ్మోనియం సల్ఫేటు గాని, సూపర్ ఫాస్ఫేటు గాని, పొటాషు గాని బస్తా కుట్టులోనుంచి కొంచెం కొంచెం రాలుతుంది. క్యారియరు కింద ఉన్నది ఏది? వెనుక హబ్బు. ఆ పొడి గాలిలోని తేమను పీల్చి ముద్దయి లాకునట్టు చుట్టూ కూర్చుంటుంది. పశువుల కొట్టంలో మూత్రం పడే చోట నిలబెట్టిన సైకిలుకూ ఇదే గతి. ఇక సాయంత్రం కాలవలో దింపి, ఇరుసు మునిగేదాకా నిలబెట్టి కడగడం ఉన్నది. పైకి తళతళలాడుతుంది గాని, నీరు కోను పక్కనుంచి లోపలికి పోయి గ్రీజును తెల్లని మజ్జిగలాగా చేస్తుంది. సైకిలును తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇంకొక పొరపాటు కూడా చెప్పి ముందుకు పోతాను. చక్రం గరగరమంటే కొందరు హబ్బు సందులో కిరసనాయిలు పోస్తారు. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరుగుతుంది. కిరసనాయిలు మిగిలిన గ్రీజును కరిగించి బయటికి తెచ్చి, తాను ఆరిపోతుంది. మూడోనాటికి ఉక్కుమీద ఉక్కు పొడిగా నలుగుతూ ఉంటుంది. కిరసనాయిలు కడగడానికి, అంతే. కందెనగా పనికిరాదు.

సరే, విప్పడం మొదలుపెడదాం. నట్ల చుట్టూ, మర బయటికి కనిపించే చోటల్లా, ఇనుపతీగల బ్రష్షుతో తుప్పు పోయేదాకా తోమండి. మర మీద మట్టి ఉంచి నట్టు తిప్పితే ఆ మట్టే అడ్డంపడి మరను చెరుస్తుంది. తరువాత ఒక పాలు పల్చని మిషను ఆయిలు, ఒక పాలు కిరసనాయిలు కలిపి నట్టుకూ ఇరుసుకూ మధ్య చుక్కలు చుక్కలుగా వేయండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిలైనా సరే. పట్టుకున్న మరలకోసమే డబ్బాల్లో అమ్మే స్ప్రే నూనెలున్నాయి, అవి ఇంకా పల్చన, బాగా దూరతాయి. సైకిలును పక్కకు పడుకోబెట్టి వేస్తే నూనె కిందికి దిగుతుంది. ఒక పక్క వేసి గంట ఆగి, తిరగేసి రెండోపక్క వేయండి. మళ్ళీ రాత్రి ఒకసారి వేసి పడుకోండి. ఈ పనిలో రాత్రిని మించిన పనిముట్టు లేదు. నూనె సందులోకి తనంత తానే ఈదుకుంటూ పోతుంది, కాని తొందరపెడితే పోదు.

మధ్యమధ్య నట్టు పలకల మీద చిన్న సుత్తితో టకటక తట్టండి. తట్టమన్నాను గాని బాదమనలేదు. తట్టినప్పుడల్లా తుప్పు పొర చిట్లి నూనెకు దారి దొరుకుతుంది. ఇరుసు కొనమీద మాత్రం సుత్తి పడనీయరాదు. కొన పూసలాగా నలిగితే నట్టు ఇక బయటికి రాదు. అక్కడ కొట్టక తప్పకపోతే పెద్ద నట్టును కొనతో సమానంగా పైకి తెచ్చి, కర్రముక్క అడ్డంపెట్టి కొట్టాలి.

తెల్లవారి పానా వేసేటప్పుడు అది నట్టుకు సరిగ్గా సరిపోయేదై ఉండాలి. గుండ్రంగా నట్టు చుట్టూ పట్టే రింగు పానా అయితే మరీ మంచిది. పట్టకారుతో పట్టి తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, ఆపైన దాన్ని దేవుడు కూడా పట్టుకోలేడు. వదులు చేసే ముందు ఒక్క పిసరు బిగించే వైపుకు తిప్పండి. వింతగా ఉన్నదా? తుప్పు అతుకు విడవడానికి ఏ వైపు కదిలినా ఒకటే. చిన్న కిర్రుమనే చప్పుడు వచ్చిందా, మీరు గెలిచినట్లే. అప్పుడు వదులు వైపుకు పావు చుట్టు, మళ్ళీ వెనక్కు అర్ధ పావు, కాస్త నూనె, మళ్ళీ పావు చుట్టు. ఇట్లా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ రావాలి. ఒక్క ఊపున లాగితే తుప్పు పొడి మరలో కూరుకుని నడుమ దోవలో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ ఇరుసు పుటుక్కున విరగడం నేను ఒకటి రెండుసార్లు చేసిన పనే గనుక చెప్తున్నాను.

నట్టు తిప్పితే ఇరుసే దానితోపాటు తిరుగుతున్నదనుకోండి. అవతలి నట్టును రెండో పానాతో పట్టి ఉంచాలి. అవతలి నట్టు అప్పటికే ఊడి ఉంటే, దాన్ని మళ్ళీ ఎక్కించి, దాని వెంట ఇంకొక నట్టు ఎక్కించి, రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా బిగించండి. ఇప్పుడు అవి ఇరుసుకు తలలాగా పనిచేస్తాయి. ఆ తలను పానాతో పట్టుకోవచ్చు. ఇరుసు మరను నేరుగా వైసులో పెట్టి బిగిస్తే మర నలుగుతుంది. అట్లా పెట్టక తప్పకపోతే రెండు చెక్కముక్కల మధ్య పెట్టి బిగించండి.

రెండు రాత్రులు నూనెపట్టినా కదలకపోతే వేడి చూపించాలి. ఇనుము వేడికి పెరుగుతుంది. బయట ఉన్న నట్టు ముందు వేడెక్కి, లోపలి ఇరుసు ఇంకా చల్లగా ఉంటే, నట్టు వెంట్రుకలో వంతు సడలుతుంది. మనకు కావలసినది అంతే. మొదట మరుగుతున్న నీళ్ళు నట్టుమీద ధారగా పోసి చూడండి. చాలాసార్లు అదే చాలు. నీళ్ళ తరువాత వెంటనే తుడిచి నూనె వేయాలి. నిప్పే కావలసివస్తే టైరూ ట్యూబూ తీసివేయండి. కిరసనాయిలు తడి ఏమాత్రం లేకుండా తుడిచి, ఆరనిచ్చి, ఆరుబయట, గడ్డివాముకు దూరంగా ఆ పని చేయండి. స్ప్రే డబ్బాను దరిదాపుల్లో ఉంచకండి. నూనెపట్టిన హబ్బుకు మంట చూపి చేతులు కాల్చుకున్నవాళ్ళున్నారు. నట్టును వేడి చేయండి గాని కోనునూ కప్పునూ చేయకండి. అవి పదునుపెట్టిన ఉక్కు. నీలం రంగు తిరిగాయంటే పదును దిగినట్లే, కొత్తవి వేయవలసిందే.

దేనికీ లొంగని నట్టును రంపంతో గాని ఆకురాయితో గాని ఒక పలకవైపు మర దరిదాపుల దాకా కోసి, ఆ కోతలో ఉలిపెట్టి చీల్చేయండి. కండ్లకు అద్దాలు పెట్టుకోండి. ఇక్కడ పౌరుషానికి పోరాదు. నట్టు పోయింది, ఇరుసు దక్కింది.

పెద్ద నట్లు ఊడి, చక్రం ఫ్రేములోనుంచి బయటికి వచ్చినాక ఎడమపక్క లాకునట్టు పట్టండి. లాకునట్టు వెనుక ఉన్న కోనును సన్నపాటి కోను పానాతో కదలకుండా పట్టి, రెండో పానాతో లాకునట్టును గడియారపు ముల్లుకు ఎదురుగా తిప్పాలి. ఈ హబ్బుల్లో ఇరుసు రెండు చివరలా మర ఒకే రకం, మామూలు మరే. ఎదురు మర ఉండేది ఎడమ పెడలుకు. దాన్ని చూసి అన్నిటికీ అట్లాగే ఉంటుందనుకుని ఎడమ కోనును బిగించే వైపుకు గింజుకునేవాళ్ళున్నారు. లాకునట్టు వచ్చినాక కోను రాకపోతే కుడిపక్క లాకునట్టును పానాతో పట్టుకుని, ఎడమ కోనును పావు చుట్టు వదులు చేయండి. గుండ్ల మీద ఒత్తిడి తగ్గగానే అంతదాకా మొరాయించిన చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అప్పుడు నేలమీద పాతగుడ్డ పరిచి, ఎడమ కోను తీసి, ఇరుసును గొలుసు వైపుకు లాగండి. కుడి కోను ఇరుసుతోపాటే వస్తుంది, ఫ్రీవీలు తీయకుండానే గుండ్లన్నీ చేతికి అందుతాయి. గుండ్లను లెక్కపెట్టండి. 18 లేకపోతే ఎవరో ఇదివరకే పొదుపు చేశారన్న మాట.

ఫ్రీవీలు సంగతి వేరే చెప్పుకోవాలి. లోపలే జిడ్డు గట్టిపడి పట్టుకున్న ఫ్రీవీలును హబ్బు మీదనుంచి తీయనే అక్కరలేదు. చక్రాన్ని గొలుసుపక్క పైకి వచ్చేటట్లు పడుకోబెట్టి, తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య సందులో కిరసనాయిలు పోసి, పళ్ళచక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడించండి. కిందికి నల్లనీళ్ళు కారుతాయి. అవి తేటగా వచ్చేదాకా పోయండి. హబ్బులోకి ఆ మురికి దిగుతుంది గనుక ఈ పని హబ్బు విప్పి కడగకముందే చేయాలి. తరువాత ఒక పూట ఆరబెట్టి పల్చని ఆయిలు నాలుగు చుక్కలు వేయండి. గ్రీజు మాత్రం ఫ్రీవీల్లో పెట్టకండి. గ్రీజుకు నాలుకలు అతుక్కుంటాయి. ఇందాక చెప్పుకున్న పెడలు జారే రోగం సగంసార్లు ఇట్లా ప్రేమకొద్దీ పెట్టిన గ్రీజువల్లనే వస్తుంది.

పళ్ళు అరిగిపోయో, నాలుకలు విరిగో ఫ్రీవీలు మార్చవలసివస్తే అప్పుడు దాన్ని ఊడదీయాలి. మొత్తం సైకిల్లో ఇంత మొండి వస్తువు ఇంకొకటి లేదు. కారణం ఉన్నది. మనం పెడలు మీద వేసిన ప్రతి అడుగూ దాన్ని మరింత బిగించే వైపుకే తోస్తుంది. పదేళ్ళు తొక్కిన సైకిలుకు పదేళ్ళ బిగింపు! చేతిలో జానెడు పానా పట్టుకుని దాన్ని విప్పాలనుకోవడం గానుగను చిటికెనవేలితో తిప్పాలనుకోవడమే.

దీనికి ఫ్రీవీలు ముఖాన ఉన్న గాళ్ళలో సరిగ్గా కూర్చునే పనిముట్టు ఒకటి షాపుల్లో దొరుకుతుంది. సుత్తీ ఉలీ పెట్టి ఆ గాళ్ళను కొడితే అవి చిట్లుతాయి, ఇక పట్టు దొరకదు. ఈ పని ఇరుసు తీయకముందే చేసుకోండి. పనిముట్టును గాళ్ళలో కూర్చోబెట్టి, అది జారకుండా దానిమీద ఇరుసునట్టును వేలితో బిగించినంత బిగించండి. ఆ పనిముట్టు తలను కమ్మరి కొలిమి దగ్గరి వైసులో గాని, వెల్డింగు షాపు వైసులో గాని గట్టిగా పట్టించండి. ఇప్పుడు చక్రం గొడుగులాగా వైసు మీద పడుకుని ఉంటుంది. రిమ్మును రెండు ఎదురెదురు చోట్ల రెండు చేతులా పట్టి, పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురు వైపుగా తిప్పండి. 28 అంగుళాల చక్రం గనుక ఇరుసునుంచి రిమ్ముకు అడుగుకు పైగా దూరం. చేతికి అంత బారు పానా దొరికినట్లే, పైగా రెండు చేతులా! టప్పుమని కదిలిన వెంటనే ఆగి, పైన పెట్టిన నట్టును వదులు చేయండి. అది మరవకండి. నట్టు అడ్డం ఉండగా ఇంకా తిప్పితే ఫ్రీవీలు బయటికి రావడానికి చోటులేక పనిముట్టు గాని ఇరుసు గాని విరుగుతుంది.

చువ్వలు మార్చే పని కూడా ఉన్నవాళ్ళకు ఒక మాట. ఫ్రీవీలు ఊడేదాకా ఒక్క చువ్వ కోయకండి. రిమ్ము లేని ఒట్టి హబ్బు చేతికి వచ్చిందంటే దాన్ని ఏం పట్టుకుని తిప్పుతారు?

గాళ్ళు ఇదివరకే చిట్లి ఉంటే ఒక్కటే దారి. ఫ్రీవీలు ముఖం మీద రెండు చిన్న గుంటలున్న బిళ్ళ ఉంటుంది. దానిది ఎదురు మర. గడియారపు ముల్లు వైపుకు తిప్పితే ఊడుతుంది. గుంటలో మొద్దు మేకు ఆనించి అటువైపుకు మెల్లగా కొట్టండి. బిళ్ళ వచ్చిందంటే పళ్ళచక్రం విడిపోయి, 1/8 అంగుళం గుండ్లు జొన్నగింజల్లాగా జలజల రాలుతాయి. ఆ ఫ్రీవీలుకు అంతటితో నూకలు చెల్లినట్లే. హబ్బు మీద మిగిలిన లోపలి దిమ్మను వైసులో పట్టించి, మునుపటిలాగే రిమ్మును తిప్పితే అదీ వస్తుంది. కొత్త ఫ్రీవీలు ఎక్కించే ముందు మరకు తప్పక గ్రీజు రాయండి. మొదట చేత్తోనే తిప్పి నాలుగు చుట్లు పోనివ్వండి. మర తప్పి అడ్డంగా ఎక్కితే ఇంతసేపూ కాపాడుకున్న హబ్బు చివరికి మన చేతిలోనే పోతుంది.

ఇప్పుడు అన్నిటినీ కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి, వెలుతురులో చూడండి. కోను మీద గుండ్లు పరిగెత్తిన దారి అద్దంలాగా నున్నగా ఉంటే సరే. స్ఫోటకపు మచ్చల్లాగా గుంటలుంటే ఆ కోను పారవేయండి. ఎంత గ్రీజు పెట్టినా అది కొత్త గుండ్లను కూడా తినేస్తుంది. కప్పు లోపలికి చూపు ఆనదు గనుక గోటితో చుట్టూ రాసి చూడండి, గుంట ఉంటే గోరు చెప్తుంది. ఇరుసును గాజుపలక మీదనో నున్నని బండమీదనో దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగినదన్న మాట. వంగిన ఇరుసును సాగగొట్టి వేస్తే మళ్ళీ వంగుతుంది. మరలో తుప్పు మిగిలితే గోగునార పురికొసను కిరసనాయిల్లో తడిపి, మరచుట్టూ ఒక చుట్టు చుట్టి, కవ్వం తాడు లాగినట్లు ఇటూ అటూ లాగండి. గుండ్లు మాత్రం పాతవి కొన్ని, కొత్తవి కొన్ని కలపకండి. అరిగినవి చిన్నవవుతాయి, బరువంతా కొత్తవాటి మీద పడి అవే పగులుతాయి. మార్చితే 18ని మార్చండి.

కప్పు నిండా గ్రీజు పెట్టి, గుండ్లను అందులో గుచ్చినట్లు అమర్చండి. గ్రీజే వాటిని పట్టి ఉంచుతుంది. ఇక బిగింపులో ఒక రహస్యం ఉన్నది. గొలుసు వైపు కోనునూ దాని లాకునట్టునూ ముందుగా, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా ఒకదానికొకటి బిగించి, ఆ తరువాతే ఇరుసు లోపలికి దూర్చాలి. సర్దుబాటంతా ఎడమ కోనుతోనే చేసుకోవాలి. ఎందుకంటే, గొలుసు వైపునుంచి చూస్తే చక్రం గడియారపు ముల్లు వైపుకే తిరుగుతుంది. మర బిగిసేదీ ఆ వైపుకే. అక్కడి కోను వదులుగా ఉంటే గుండ్ల రాపిడికి అది చక్రంతోపాటు తిరుగుతూ తనంత తానే బిగుసుకుంటూ పోయి, దారి నడుమ చక్రాన్ని పట్టివేస్తుంది. ఎడమపక్క అదే రాపిడి కోనును వదులు చేస్తుంది. చక్రం లటలటలాడుతుంది గాని మనిషిని కిందికి తోయదు. చక్రాన్ని తారుమారు చేసి సర్దుబాటు కుడిపక్క చేసిన మరమ్మతు ఏదైనా మీ సైకిలుకు జరిగి ఉంటే ఈ పూటే విప్పి చూసుకోండి.

ఎడమ కోనును వేళ్ళతో గుండ్లకు తగిలేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కు తీసి, దాన్ని పానాతో పట్టి ఉంచి లాకునట్టు బిగించండి. లాకునట్టు బిగిసేటప్పుడు కోనును కాస్త లోపలికి నెడుతుంది, అందుకే ఆ పావు చుట్టు విడిచిపెట్టడం. ఇరుసును రెండు వేళ్ళతో తిప్పితే వెన్నలో తిరిగినట్లుండాలి, ఊపితే కనీకనిపించనంత కదలిక ఉండాలి. చక్రం ఫ్రేములో పెట్టి పెద్దనట్లు బిగించినాక ఆ కదలిక కూడా పోతుంది. గొలుసు వేయకముందు చక్రాన్ని కొంచెం కదిపి వదలండి. గాలిగొట్టం బరువుకు చక్రం మెల్లగా ఊగి ఊగి, గొట్టం కిందికి వచ్చి ఆగితే సర్దుబాటు కుదిరినట్లు. ఎక్కడపడితే అక్కడ ఆగిపోతే కోను ఇంకా బిగువుగా ఉన్నది, విప్పి ఒక పిసరు వదులు చేయండి.

గొలుసు తగిలించి, నడుమ వేలితో నొక్కితే అర అంగుళం పైచిలుకు దిగేటట్లు చక్రాన్ని వెనక్కు జరిపి, రెండు నట్లూ బిగించండి. మొదటిరోజు ఖాళీ సైకిలు మీద ఊరిచుట్టూ రెండు మైళ్ళు తిరిగి వచ్చి, నట్లు మళ్ళీ ఒకసారి పానాతో చూసుకుని, మర్నాడు పాలబిందెలు కట్టుకోండి.